లీలావతి లాంచీ ఎక్కిందా?

"ఇది మోసమండి!"

వానలో తడిసి ముద్దయిన మనిషి, పొడి పుస్తకాన్ని బల్ల మీద పెట్టి అన్న మొదటి మాట అది. అతని చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది. పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవర్లలో చంటిపిల్లలా వెచ్చగా ఉంది.

జాస్మిన్ ఆ లైబ్రరీలో చేరి నెల కూడా కాలేదు. రాజోలు దాటి, గోదావరి సముద్రంలో కలిసే వైపు వెళితే వచ్చే రేవు ఊరది. మామిడికుదురు నుంచి రోజూ బస్సులో వచ్చి తాళం తియ్యడం, పేపరు కోసం వచ్చే బుచ్చిరాజుగారికి కుర్చీ తుడిచి వెయ్యడం, బీరువాలు తెరిచి చెదలతో తగువు పెట్టుకోవడం, ఇదీ ఆమె ఉద్యోగం. ఇంతవరకూ ఒక పుస్తకం గురించి గొంతు పెంచిన వాడు లేడు. అందుకని కోపం రావలసిన చోట ఆమెకి లోపల్లోపల సంతోషమే వేసింది. పైకి మాత్రం కోపమే చూపించింది.

"ఏం మోసమండీ?"

"ఆఖరి పేజీలు లేవండి. ఆవిడ లాంచీ ఎక్కే బల్ల మీద ఒక కాలు పెట్టిందండి. రెండో కాలు గట్టు మీదే ఉందండి. అక్కడితో పుస్తకం అయిపోయిందండి. ఇదేం న్యాయమండి?"

"ఏ ఆవిడ?"

"లీలావతిగారండి!"

పేపరు చాటునుంచి బుచ్చిరాజుగారి తల బయటికొచ్చింది. "పాపం, ఎవరి తాలూకమ్మాయి?" అన్నారాయన.

జాస్మిన్ పుస్తకం తిప్పి చూసింది. అట్ట లేదు. పేరున్న పేజీ లేదు. రాసిందెవరో తెలీదు. తలా తోకా లేని కథ అంటారే, అచ్చంగా అదే.

"మీరు చింపలేదు కదా?"

"చింపేవోణ్ణయితే ముందువి చింపుతానండి. ఆఖరివి చింపి నా నిద్ర నేనే పాడుచేసుకుంటానాండి?"

మాట సబబుగానే ఉంది. కళ్ళు కూడా అబద్ధం ఆడేవాడి కళ్ళలా లేవు. ఆ సంగతి ఆమె కాస్త ఎక్కువసేపే పరిశీలించింది.

"మీ పేరు?"

"సతీష్ అండి. సత్యదుర్గ బోటండి." అదేదో తను చదివిన డిగ్రీ అయినట్టు చెప్పాడు.

"మిగతా పేజీలు ఎక్కడో ఒకచోట ఉంటాయి లెండి. వెతికిపెడతాను."

"కాస్త తొందరగా చూడండి. అడిగేవోళ్ళకి జవాబు చెప్పుకోలేక చస్తన్నాను."

"ఎవరండీ అడిగేవాళ్ళు?"

సతీష్ తల గోక్కున్నాడు. వాన కేసి చూశాడు. "ఉన్నారండి" అని ఆ వానలోకే వెళ్ళిపోయాడు.

వెతికిపెడతానని అనేసింది గానీ, పేరే తెలియని పుస్తకాన్ని ఎక్కడ వెతుకుతుంది? అప్పుడు గుర్తొచ్చింది జాస్మిన్‌కి, తన ఫోన్లో కొత్తగా తెరుచుకున్న లోకం.

లైబ్రరీ పుస్తకాలన్నిటినీ ఫోన్లోకి ఎక్కిద్దామని ఆమె ఒక యాప్ దించుకుంది. బార్‌కోడ్ మీద ఫోన్ పెడితే చాలు, పుస్తకం పేరూ ఊరూ అదే చెబుతుందిట. తీరా చూస్తే అక్కడి పుస్తకాలన్నీ బార్‌కోడ్ పుట్టకముందు పుట్టినవి. విసుగొచ్చి అటూ ఇటూ నొక్కుతూ పోతే, పుస్తకాలు చదివేవాళ్ళ సైటు ఒకటి కనిపించింది. అందులోకి వెళ్ళిన దగ్గర్నుంచి ఆమెకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎక్కడెక్కడి వాళ్ళో, తమ ఇంటి అలమర తలుపు తీసి 'రండి, చూడండి' అన్నట్టు పుస్తకాలు పరిచి కూర్చున్నారు. ఎవరు ఏ పేజీలో ఉన్నారో, ఎక్కడ కళ్ళు తుడుచుకున్నారో కూడా రాసుకుంటున్నారు. లైబ్రరీ పేరు మీద ఎకౌంటు తెరిచి, చెద తిన్న బీరువా ఫొటో ఒకటి పెట్టింది జాస్మిన్. కాసేపటికే సింగపూర్ నుంచి ఎవరో ఒకామె, 'ఈ తలుపు కిర్రుమన్న చప్పుడు నాకిక్కడ వినబడింది' అని రాసింది. సముద్రాలకి అవతల కూర్చున్న మనిషికి ఈ ఊరి బీరువా చప్పుడు వినబడటమేమిటి! ఆ రోజంతా ఆమె ఆ తలుపు వేస్తూ తీస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు ఆ సైటులోనే కథంతా క్లుప్తంగా రాసి పెట్టింది. తండ్రి చాటు పిల్ల లీలావతి. పట్నంలో ఉద్యోగం దొరికిన రఘుపతి. ఇద్దరూ కలిసి వెళ్ళిపోదామనుకున్న రోజు, లాంచీల రేవు, బల్ల మీద ఒక కాలు. 'ఈ పుస్తకం మీలో ఎవరి దగ్గరైనా ఉందా? లీలావతి లాంచీ ఎక్కిందా?' అని అడిగింది.

తెల్లారి ఫోన్ తీస్తే జవాబులే జవాబులు. బళ్ళారి నుంచి, హోసూరు నుంచి, బొంబాయి నుంచి, బరంపురం నుంచి, పేరు విన్న ఊళ్ళూ వినని ఊళ్ళూ. పుస్తకం ఎవరి దగ్గరా లేదు. కానీ ఎక్కిందని కొందరు, ఎక్కలేదని కొందరు రెండు పార్టీలుగా చీలిపోయి పోట్లాడుకుంటున్నారు.

మర్నాడు వచ్చిన సతీష్‌కి అదంతా చూపించింది. అతను ఫోన్ మీదికి వంగి చూస్తూ ఉండిపోయాడు.

"వీళ్ళందరూ మన లీలావతి గురించేనాండి?"

"మన లీలావతి గురించే. మీరూ ఒక ఎకౌంటు తెరవండి. మీ మాట మీరే రాయొచ్చు."

"నేనాండి? నాకేం మాటలొస్తాయండి?"

"పోట్లాటకైతే బాగానే వచ్చాయి కదా."

సతీష్ చెవులు ఎర్రబడ్డాయి. ఎకౌంటు మాత్రం తెరిచాడు. మొహం పెట్టడానికి సిగ్గుపడి, పడవ ముందు భాగం ఫొటో పెట్టాడు. ఫోన్ ఇచ్చిపుచ్చుకోవడంలో వేళ్ళు తగిలాయి. ఇద్దరూ చూసుకోనట్టే ఊరుకున్నారు. ఊరుకోనిది బుచ్చిరాజుగారొక్కరే, పేపరు వెనక దగ్గారు.

ఆ సాయంత్రమే సతీష్ మొదటి కామెంటు వచ్చింది. జాస్మిన్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదివింది.

'బల్ల మీద కాలు పెడితే ఎక్కేసినట్టు కాదు. బల్ల ఊగుతుంది. ఊగే బల్ల మీదున్న మనిషిని తొందరపెట్టకూడదు. చెయ్యి అందించి ఊరుకోవాలి.'

జాస్మిన్ దాన్ని మళ్ళీ చదివింది. వానలో వచ్చి మోసమని అరిచిన మనిషేనా ఇది రాసింది?

మర్నాడు ఇంకోటి. 'రఘుపతి ముందెక్కి కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడంట. పెళ్ళాన్ని తెచ్చుకునే పద్ధతా అది? ముందు వాడి చెవి మెలిపెట్టండి.' దానికి నవ్వు ఆపుకోలేక బస్సులో పక్కావిడకి క్షమాపణ చెప్పుకుంది.

ఆ తర్వాతది చదివినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. 'వెళ్ళేవాళ్ళ బాధ అందరూ రాస్తారు. గట్టు మీద మిగిలిపోయే వాళ్ళకి బాధతో పాటు వంట కూడా ఉంటుంది.' హోసూరాయన దాని కింద, 'అయ్యా, తమరు రచయితలా?' అని అడిగాడు. బళ్ళారి వాళ్ళు దండం పెట్టారు. జాస్మిన్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరితోటల మీద పడుతున్న వాన కేసి చూస్తూ కూర్చుంది. ఒక్క మనిషి గుండెలో అంత ఓర్పు, అంత అల్లరి, అంత దిగులు ఎలా పట్టాయో ఆమెకి అంతుపట్టలేదు. గోదావరి సముద్రంలో కలిసే చోటు మొదటిసారి చూసినప్పుడు కూడా ఇలాగే ఊపిరి బిగబట్టింది.

మరి ఆ మనిషే ఎదురుగా నిలబడితే?

"నిన్న మీరు రాసింది చాలా బావుందండీ."

"ఆయ్."

"ఎలా తడతాయండీ మీకా మాటలు?"

"ఏమోనండి."

"ఇంకేమీ చెప్పరా?"

"వాన తగ్గిందండి, వెళ్ళొస్తాను."

పండితులందరికీ ఇదే జబ్బు కాబోలు అనుకుంది జాస్మిన్. ప్రేమలో పడ్డవాళ్ళు ఎదుటివాడి తప్పులకి కారణాలు కూడా వాళ్ళే వెతికిపెడతారు. ఆమె పడింది. నిండా పడింది.

సరిగ్గా అప్పుడే ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది. ఆమె తండ్రి నతానియేలు మాస్టారు బళ్ళో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. తల్లిలేని పిల్లకి తల్లీ తండ్రీ ఆయనే. కూతురి చేత బలవంతంగా ఏ పనీ చేయించి ఎరగరు. రాజమండ్రి బ్యాంకులో పనిచేసే ప్రవీణ్ కుమార్ సంబంధం వచ్చింది. కుర్రాడు బుద్ధిమంతుడు, సంఘంలో మంచి పేరున్న కుటుంబం.

"ఆదివారం చర్చిలో ఆరాధనకి వాళ్ళూ వస్తారమ్మా. అవునో కాదో అప్పుడు చెబితే చాలు. కాదంటే నేను బాధపడను. కారణం మాత్రం చెప్పు" అన్నారాయన.

కారణం చెప్పడం ఎలా? కారణానికి ఇంకా తన సంగతే తెలీదాయె.

అందుకే ఆమె ఒక ఉపాయం చేసింది. సైటులో అందరూ చూసేలాగే, 'ఇంతకీ ఆ లాంచీ ఎక్కితే లీలావతి సుఖపడుతుందా?' అని రాసింది. జవాబు సతీష్ చెప్పాలని ఆమె కోరిక.

సాయంత్రం బస్సులో ఉండగా జవాబు వచ్చింది.

'సుఖపడుతుందా అంటే ఏం చెప్పగలం? మా ఆవిడ నన్ను చేసుకున్న రోజున సముద్రాన్ని చూసి ఏడ్చింది. ఇప్పుడు నేను రెండు రోజులు ఇంటిపట్టున ఉంటే, వేటకి ఎప్పుడెళ్తావని తనే అడుగుతుంది. సుఖమంటే అదేననుకుంటాను.'

మా ఆవిడ!

దిగాల్సిన స్టాపు దాటిపోయింది. కండక్టరు కేకేసినా ఆమెకి వినబడలేదు. దాటిపోయిన రోడ్డంతా వెనక్కి నడిచి ఇల్లు చేరింది. వాన లేకపోయినా ఆమె మొహం తడిసే ఉంది.

మర్నాడు సతీష్ గుమ్మంలో అడుగుపెట్టగానే అడిగింది.

"మీ ఆవిడగారు కులాసానా అండీ?"

"ఏ ఆవిడండి?"

"అదేనండీ, సముద్రాన్ని చూసి ఏడ్చినావిడ."

సతీష్ పకపకా నవ్వేశాడు. నవ్వకూడని చోట నవ్వడంలో మగవాళ్ళని మించినవాళ్ళు లేరు.

"ఆవిడ మా అమ్మండి!"

"మీ ఆవిడ మీ అమ్మేంటండీ?"

"కాదండి, మా నాన్న ఆవిడండి. అంటే మా అమ్మేనండి. ఆ మాట మా నాన్న చెప్పేడండి. నేను ఫోన్లో కొట్టేనంతే."

ఒక్క క్షణం ఆమె గుండె తేలికపడింది. మరుక్షణమే ఏదో అనుమానం తలెత్తింది.

"మరి ఊగే బల్ల సంగతి?"

"అదీ నాన్నేనండి."

"రఘుపతి చెవి?"

"నూకరాజండి. మా బోటులో ఇంజను చూస్తాడు."

సతీష్‌కి ఇందులో దాచాల్సింది ఏమీ కనబడలేదు. హుషారుగా వివరించాడు కూడా. పడవలో చదువొచ్చిన వాడు తనొక్కడే. వలలు వేశాక తను పుస్తకం చదువుతాడు, అందరూ వింటారు. ఒడ్డుకొచ్చి వలలు బాగుచేసుకునేటప్పుడు కథ గురించి మాట్లాడుకుంటారు. వాటిలో మంచి మాట తను రాస్తాడు.

"మా బోటులో ఏ చేప ఎవరి చేతికి పడిందని అడగమండి. గంపలోకొచ్చేకా అందరిదీని. మాటా అంతే కదాండి?"

జాస్మిన్ ఫోన్ అతని ముందుకి జరిపింది.

"వీటిలో మీరన్న మాట ఏది?"

సతీష్ కామెంట్లన్నీ పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చూశాడు. వేలు ఎక్కడా ఆగలేదు. హుషారు మెల్లిగా జారిపోయింది.

"నేను... తప్పుల్లేకుండా కొట్టేనండి" అన్నాడు చివరికి.

"లైబ్రరీ మూసే వేళయిందండీ."

పొద్దున్న పేపరు ఇంకా సగం కూడా చదవని బుచ్చిరాజుగారు గడియారం కేసి చూసి, ఆమె మొహం చూసి, చప్పుడు చెయ్యకుండా పేపరు మడిచి లేచారు. సతీష్ గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయాడు. అది కూడా రాలేదు. వెళ్ళిపోయాడు.

పెళ్ళయినవాడని తెలిసి ఉంటే ఏడ్చి ఊరుకునేది. ఇది అంతకన్నా కష్టంగా ఉంది. తను ప్రేమించిన మనిషి అసలు లేనే లేడు. ఒక ముసలాయన ఓర్పూ, ఒక ఇంజను డ్రైవరు అల్లరీ కలిపి తను ఒక మనిషిని చేసుకుంది. నోరు విప్పని ఈ కుర్రాడి మనసులో ఏముందో ఆమెకి నిజంగా తెలీదు. ఆదివారం వచ్చేస్తోంది. ఏ కారణం చెప్పి కాదనాలి?

శనివారం పొద్దున్న లైబ్రరీ తలుపు తీస్తుంటే ఫోన్ మోగింది. సైటులో ఖరగ్‌పూర్ నుంచి సువర్ణ అనే పెద్దావిడ రాసింది.

'అమ్మాయీ, మీరందరూ కొట్టుకుంటుంటే చూస్తూనే ఉన్నాను. ఆ పుస్తకం మా అత్తగారి పెట్టెలో దొరికింది. మేము రైల్వే ఉద్యోగాలకని ఇటు వచ్చి స్థిరపడిన వాళ్ళం. అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదిట. ఆఖరి పేజీలకి ఫొటోలు తీసి పంపుతున్నాను. నా కళ్ళజోడు నీడ పడింది, ఏమీ అనుకోకమ్మా.'

కింద ఫొటోలు. పసుపెక్కిన కాగితం, అంచున పట్టుకున్న ముడతల బొటనవేలు, అక్షరాల మీద కళ్ళజోడు నీడ. జాస్మిన్‌కి ఒళ్ళు జలదరించింది. ఎక్కడి ఖరగ్‌పూర్, ఎక్కడి గోదావరి రేవు! ఎప్పుడో పుట్టిల్లు వదిలి వెళ్ళిన ఒక ఆడపిల్ల పెట్టెలో ఇన్నాళ్ళూ దాక్కుని, ఈ లీలావతి తన కోసం ఇంత దూరం నడిచొచ్చింది. ముక్కూ మొహం తెలియని ఆవిడ బొటనవేలిని తెర మీదే కళ్ళకద్దుకోవాలనిపించింది.

అయినా పేజీలు చదవలేదు. తనకన్నా ముందు అడిగిన వాళ్ళు వేరే ఉన్నారు. కోపం కోపమే, లైబ్రరీ లైబ్రరీయే. మధ్యాహ్నం తాళం వేసి రేవుకి నడిచింది.

రేవులో పడవలు లేవు. రేకుల షెడ్డులో ఒక పెద్దావిడ వల ఒళ్ళో వేసుకుని అల్లుతోంది. పక్కన చెక్కబల్ల మీద వైర్‌లెస్ సెట్టు గురగురమంటోంది.

"సతీష్ గారు..."

"వేటకెళ్ళేరమ్మా, రేపు పొద్దెక్కేకొస్తారు. నువ్వు లైబ్రరీ అమ్మాయివి కదూ? నేను దుర్గమ్మని, ఆడి అమ్మని. రా, కూకో."

సముద్రాన్ని చూసి ఏడ్చినావిడ! జాస్మిన్ ఆవిడ పక్కన ముడుచుకుని కూర్చుంది. సెట్టులోంచి గొంతులు వస్తున్నాయి.

"ఎక్కలేదంటే ఎక్కలేదు! తండ్రి ఉసురు పోసుకుంటదా?"

"నీకేం తెల్సురా, ఎక్కుంటది!"

"ఏంటండీ ఇది?" అంది జాస్మిన్ తెల్లబోయి.

"మన లీలావతి గురించేనమ్మా. వలలేసేకా మావోడు పుస్తకం చదువుతాడు కదా, చుట్టుపక్కల బోట్లన్నీ ఇదే వైర్‌లెస్‌లో వింటాయి. నేనూ ఇక్కడ కూకుని వింటాను. పేజీలయిపోయిన కాణ్ణించీ రోజూ ఇదే గొడవ." దుర్గమ్మ నవ్వింది. "గట్టు మీదోళ్ళకి వంట కూడా ఉంటదన్నది నేనేనమ్మా. ఆడు రాసేడా?"

జాస్మిన్ తల ఊపింది. ఎదురుగా సముద్రం. ఎంత దూరం చూసినా ఒక్క పడవ కనబడదు. ఆకాశం కలిసే గీతకి అవతల ఎక్కడో, అలల మీద ఊగుతూ, అంతమంది మనుషులు తన లైబ్రరీలోని చెద తిన్న పుస్తకం గురించి దెబ్బలాడుకుంటున్నారు. రిజిస్టర్లో సతీష్ అని ఒక్క పేరే ఉంది. ఆ ఒక్క పేరు వెనక ఇంత సముద్రం ఉందని ఆమెకి ఇప్పుడే తెలిసింది. తను దెబ్బలాడింది ఎవరితోనో తలుచుకుని సిగ్గేసింది.

"అమ్మా, నేను ఆఖరి పేజీలు తెచ్చాను."

దుర్గమ్మ చేతిలోని వల జారిపోయింది. మైకు తీసి జాస్మిన్ చేతిలో పెట్టింది. "ఇది నొక్కి మాట్లాడు."

"అందరికీ నమస్కారమండీ. నేను లైబ్రరీ నుంచి. పేజీలు దొరికాయి. చదువుతున్నాను."

సెట్టులో గురగుర తప్ప ఇంకేమీ లేదు. ఆమె కళ్ళజోడు నీడ దాటుకుంటూ చదవడం మొదలుపెట్టింది. తండ్రి గట్టు మీద నిలబడి చూడటం, లాంచీ నడిపే సరంగు గంట కొట్టడం, బల్ల ఊగడం. ఆఖరి పేజీకి వచ్చింది.

'లీలావతి బల్ల మీది కాలు వెనక్కి తియ్యలేదు. గట్టు మీది కాలు ముందుకి వెయ్యలేదు. "రఘూ, నేను ఎక్కడం కాదు, నువ్వు దిగు. మా నాన్నకి నీ మొహం చూపించి అడుగు. అప్పుడు నేనే నీ పెట్టె మోసుకుంటూ ఎక్కుతాను" అంది. సరంగు రెండోసారి గంట కొట్టాడు. రఘుపతి పెట్టె పట్టుకుని దిగాడు. లాంచీ వెళ్ళిపోయింది. గట్టు మీద ముగ్గురే మిగిలారు. మొదట నవ్విన వాడు తండ్రి.'

సెట్టు బద్దలయ్యేలా కేకలు. ఎక్కిందన్నవాళ్ళు మేమే గెలిచామన్నారు, ఎక్కలేదన్నవాళ్ళు మేమే గెలిచామన్నారు. ఎవరో ఈల వేశారు. దుర్గమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

జాస్మిన్ మళ్ళీ మైకు నొక్కింది. ఈ ధైర్యం ఎక్కడిదో ఆమెకే తెలీదు.

"సతీష్ గారూ, ఉన్నారా?"

"ఉన్నానండి."

"అందరి మాటలూ విన్నాను. మీ మాట ఒక్కటే వినలేదు."

గురగుర.

"ఒరే, నన్ను చెప్పమంటావేంట్రా?" అంది ఒక గొంతు.

"నోరుముయ్యరా నూకరాజు!" ఇంకో పెద్ద గొంతు గద్దించింది. "ఇది గంపలో ఏసేది కాదు. ఆణ్ణి చెప్పనీ."

"మా ఆయనే. తాతారావు" అని గుసగుసలాడింది దుర్గమ్మ.

సతీష్ గొంతు సవరించుకోవడం వినబడింది.

"జాస్మిన్ గారూ, నాకు చదవడమే వచ్చండి, మాట్లాడ్డం రాదు. ఒక్కటే ఉందండి నాది. ఎవరికీ చెప్పలేదు. పేజీలు దొరికితే మళ్ళీ లైబ్రరీకి రావడానికి వంకుండదని భయమేసిందండి. దొరక్కూడదని అమ్మవారికి మొక్కుకున్నాను. మా నాన్న, బోట్లోళ్ళు, అందరూ ఎదురు చూస్తన్నారు. నేనొక్కణ్ణీ దొరక్కూడదనుకున్నానండి. మీరంటే నాకంత ఇష్టమండి."



"ద్రోహీ!" అంది ఒక పడవ. "మమ్మల్నిన్ని రోజులు ఏడిపించి, నీ మొక్కా ఇది?" అంది ఇంకోటి. అన్ని పడవలూ ఒకేసారి నవ్వాయి.

జాస్మిన్ ఏడుస్తూ నవ్వింది. సముద్రం మీద అన్నిటినీ అందరితో పంచుకునే మనిషి, ఒక్కదాన్ని మాత్రం పంచుకోకుండా దాచుకున్నాడు. అది తనే. ఇన్ని రోజులుగా చదివిన గొప్ప మాటలన్నీ ఆ ఒక్క మాట ముందు వెలవెలబోయాయి.

"రేపు ఆరాధన అయ్యాక మా నాన్నగారిని తీసుకుని రేవుకి వస్తాను. ఆయన్ని అడగండి" అని మైకు దుర్గమ్మ చేతికిచ్చేసి, మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

ఆ సాయంత్రం మాస్టారు అంతా విన్నారు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"మన సంఘం కాదు."

"కాదు నాన్నా. వాళ్ళు అమ్మవారికి మొక్కుకుంటారు."

"వాళ్ళ మొక్కులు వాళ్ళవి, మన ప్రార్థనలు మనవి. ఒక కంచం దగ్గర కూర్చుని తినగలిగితే దానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. నా భయం అది కాదు." ఆయన కళ్ళు తెరిచారు. "రోజూ సముద్రంలోకి వెళ్ళేవాడు. వచ్చేదాకా నువ్వు గట్టు మీద కూర్చోవాలి. మీ అమ్మ ఆస్పత్రి గదిలో ఉన్నప్పుడు బయట బల్ల మీద కూర్చున్నవాణ్ణి నేను. ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

జాస్మిన్ తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ప్రవీణ్ వాళ్ళకి నేను చెప్పుకుంటాను లే" అన్నారాయన చివరికి. "ఆ అబ్బాయిని మాత్రం ఒకసారి చూడనీ. అవునంటానని మాటివ్వను."

మర్నాడు ఆరాధన నుంచి నేరుగా రేవుకి వెళ్ళారు. మాస్టారు తెల్లచొక్కా, చేతిలో గొడుగు. దుర్గమ్మ కుర్చీ తెచ్చి వేసినా ఆయన కూర్చోలేదు. నీళ్ళ కేసే చూస్తూ నిలబడ్డారు. వాన వెలిసి ఎండ కాస్తోంది. పడవలు ఒక్కొక్కటే కనబడసాగాయి. రోజూ వచ్చే పడవలే. ఇవాళ మాత్రం నీళ్ళ కడుపులోంచి పుట్టుకొస్తున్నట్టున్నాయి.

"వచ్చేరండి! సత్యదుర్గ!" అంది దుర్గమ్మ.

పడవ ఇంకా చాలా దూరంలోనే ఉంది. దాని ముందు భాగంలో నిలబడ్డ మనిషి గట్టు మీద తెల్లచొక్కాని చూశాడు. పక్కనే ఉన్న అమ్మాయిని చూశాడు. అంతే, నూకరాజు దగ్గర అడిగి తీసుకున్న ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడన్న సంగతి కూడా మర్చిపోయి, నీళ్ళలోకి దూకేశాడు.

"ఒరే, బోటు వస్తంది కదరా!" అని నూకరాజు అరుస్తున్నాడు. సతీష్ వినడం లేదు. బారలు వేస్తూ, అలల్లో మునుగుతూ తేలుతూ వస్తున్నాడు. గట్టెక్కి, నీళ్ళు కారుతూ, రొప్పుతూ, మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అడగాల్సిన మాట నోట్లోంచి రాలేదు. కళ్ళు మాత్రం అడుగుతూనే ఉన్నాయి.

మాస్టారు అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూశారు. వెనక నింపాదిగా వస్తున్న పడవనీ చూశారు. గొడుగు కూతురి చేతికిచ్చి, భుజం మీది కండువా తీసి సతీష్ తల తుడవడం మొదలుపెట్టారు.

"సముద్రంలోకి వెళ్ళేవాడికి పిల్లనివ్వాలంటే భయమేసింది బాబూ" అన్నారు. "సముద్రంలోంచి ఇంత తొందరగా వచ్చేవాడికైతే ఇవ్వచ్చు."